ఇంప్రెషనిస్టు ప్రకృతి దృశ్యం గురించి రాసేటప్పుడు భావాన్నీ పనితనాన్నీ ఎలా వర్ణించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కళా పరిచయ కోర్సులో భాగంగా, 19వ శతాబ్దపు ఫ్రాన్సులోని ఇంప్రెషనిస్టు బృందానికి చెందిన చిత్రకారుడు కామీ పిస్సారో 1873లో వేసిన ‘జెలే బ్లాంష్’ (తెల్ల మంచు) అనే చిత్రం మీద 500 మాటల వ్యాసం రాశారు. మొదటి సగంలో చిత్రం ‘ప్రశాంతంగా, ఆహ్లాదకరంగా’ ఉందని చెప్పారు. రెండో సగంలో ‘చిన్న చిన్న కుంచె గీతలు, ప్రకాశవంతమైన రంగులు’ అని చెప్పారు. మీ అధ్యాపకురాలు రెండు చోట్లా అంచున ‘ఇది ఎక్కడ కనిపిస్తోంది?’ అని రాసి తిప్పి పంపారు. చిత్రంలోని భావాన్నీ, చిత్రకారుడి పనితనాన్నీ అసలు ఎలా వర్ణించాలి అని అడుగుతున్నారు. చివర్లో, చిత్రం పేరు తెలుగులో ఎలా రాయాలని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. భావానికి ఒక పేరా, పనితనానికి ఒక పేరా అని విడదీయడం మానేయండి. మీకు కలిగిన ప్రతి భావానికీ కాన్వాసు మీద ఒక చోటు చూపించండి. ఆ చోట రంగు ఎలా పడిందో చెప్పండి. చోటు చూపించలేని విశేషణాన్ని కొట్టేయండి. మిగిలినదంతా దీన్ని ఎలా చేయాలన్నదే.

నేను పాతికేళ్లకు పైగా తైలవర్ణాలతో ప్రకృతి దృశ్యాలు వేస్తున్నాను. అందులో చాలా ఏళ్లు విద్యార్థులకు చిత్రాలను చూడడం, చూసినదాన్ని రాయడం నేర్పాను. మీరు చేసిన పొరపాటు నా దగ్గరకు వచ్చిన ప్రతి జట్టులోనూ సగం మంది చేసేదే. భావం అంటే మనసులో పుట్టేది, పనితనం అంటే చేతితో చేసేది, రెండూ వేరు అనుకుంటాం. చిత్రం వేసేవాడికి అవి వేరు కావు. నేలను చల్లగా చూపించాలంటే అతని చేతిలో ఉన్నది రంగు, కుంచె, ఆ రెండే. కాబట్టి ఆ చలి ఎక్కడున్నా రంగులోనే ఉండాలి.

మీ చిత్రం దగ్గరికే వద్దాం. మంచి చిత్రాన్ని ఎంచుకున్నారు. అది ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 65 సెంటీమీటర్లు, వెడల్పు 93. అంటే మన ఇళ్లలో ఒక మాదిరి కిటికీ రెక్క అంత. పిస్సారో అప్పుడు పారిస్‌కు వాయవ్యాన ఉన్న పోంత్వాజ్ అనే ఊళ్లో ఉండేవాడు. చిత్రంలో ఉన్నది ఆ ఊరి నుంచి ఎన్నెరీ అనే పల్లెకు పోయే పాత బాట, దాని పక్కన దున్నిన చేలు. ఎడమ వైపున వీపు మీద కట్టెల మోపుతో, చేతికర్ర పట్టుకుని నడుస్తున్న ఒక పల్లెవాసి. పైన పలుచని ఆకాశం. అంతే. చెప్పుకోదగ్గ కొండ లేదు, ఏరు లేదు, గుడి గోపురం లేదు.

ఇప్పుడు మీరు రాసిన ‘ప్రశాంతంగా’ అన్న మాటను దీని పక్కన పెట్టి చూడండి. నాకైతే ఇది ప్రశాంతమైన చిత్రం అనిపించదు. చలి గడ్డకట్టిన ఉదయం, బరువు మోసే మనిషి, కాలు జారే నేల. నిశ్శబ్దం ఉంది, నిజమే. కానీ నిశ్శబ్దం, ప్రశాంతత ఒకటి కావు. మీరు ప్రకృతి దృశ్యం అనగానే అలవాటు కొద్దీ ఆ మాట రాశారని నా అనుమానం. నేను పొరబడి ఉండవచ్చు. మీకు నిజంగానే ప్రశాంతత కనిపించి ఉంటే దాన్ని వదులుకోకండి, కాకపోతే అది ఏ మూల నుంచి వస్తోందో చూపించండి.

చూడడానికి నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు దూరం నుంచి చూడండి. ఫోనులో చూస్తుంటే బొమ్మను చిన్నది చేసి చేయి చాచినంత దూరంలో పట్టుకోండి. అర నిమిషం చూసి, కలిగిన భావాన్ని ఒకటి రెండు మాటల్లో రాసుకోండి. తరువాత బాగా పెద్దది చేసి, ఒక్కో మూలను విడివిడిగా చూడండి. అప్పుడు మంచు, చేను, మనిషి అన్నీ మాయమై రంగు ముద్దలు మాత్రమే మిగులుతాయి. ఏ ముద్ద దగ్గరి నుంచి చూస్తే రంగుగా, దూరం నుంచి చూస్తే చలిగా మారుతోందో పట్టుకోండి. మీ వ్యాసం అక్కడ ఉంది.

ఈ దగ్గర, దూరం గొడవ ఈ చిత్రం పుట్టినప్పటి నుంచీ దానితోనే ఉంది. 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, ఫోటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో, తరువాత ఇంప్రెషనిస్టులుగా పేరుపడినవారి మొదటి ప్రదర్శన మొదలైంది. ‘జెలే బ్లాంష్’ ఆ గోడల మీదే వేలాడింది. పది రోజులకు ‘లె షారివారీ’ అనే పత్రికలో లూయీ లెర్వా అనే విమర్శకుడు ఆ ప్రదర్శనను వెక్కిరిస్తూ ఒక సంభాషణ రాశాడు. అందులో పాతకాలపు పద్ధతులకు అలవాటుపడిన ఒక చిత్రకారుడు ఈ చిత్రం ముందు నిలబడి, ఇవి చాళ్లా, ఇది మంచా అని గుడ్లు తేలేస్తాడు. మురికి కాన్వాసు మీద ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) గీకగా వచ్చిన రంగు తుక్కును వరుసగా పరిచారు, దీనికి తలా లేదు తోకా లేదు అంటాడు. పక్కనున్నవాడు, కావచ్చు గానీ ఆ ‘ఇంప్రెషన్’ (మనసు మీద పడే ముద్ర) మాత్రం ఉంది కదా అని సర్దిచెబుతాడు.

లెర్వాను మూర్ఖుడని తీసిపారేయడం ఆనవాయితీ. నేను నా విద్యార్థులకు ఆయన మాటలను వేరే కారణంతో వినిపిస్తాను. ఆ వెక్కిరింతలో పనితనం వర్ణన చాలా ఖచ్చితంగా ఉంది! ప్యాలెట్ గీకిన తుక్కు అన్న మాటలో ఆ రంగు మందం, పొడితనం, గరుకుతనం మూడూ ఉన్నాయి. ఆయన దగ్గరగా చూశాడు, కానీ వెనక్కి నడవలేదు. మీరు దూరం నుంచి చూశారు, కానీ ముందుకు నడవలేదు. ఆయన మాటను, మీ మాటను కలిపితే సరైన వాక్యం వస్తుంది: రంగు తుక్కులా గరుకుగా పేరుకుంది కాబట్టే నేల గడ్డకట్టినట్టు కనిపిస్తోంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. చాలా ఏళ్ల కిందట ఈ చిత్రంలో ఒక అడుగు మేర ముక్కను అభ్యాసం కోసం నకలు చేయాలని కూర్చున్నాను. ముందు గోధుమ, ఆకుపచ్చ రంగులతో చాళ్లు వేసి, అవి పచ్చిగా ఉండగానే పైన తెలుపు పెట్టాను. తెలుపు కింది రంగులోకి దిగిపోయి అంతా బూడిద రంగు బురద అయింది. కాస్త ఎక్కువ తెలుపు పెట్టాను, సున్నం వేసినట్టయింది. మంచు మాత్రం రాలేదు. విసుగు పుట్టి కాన్వాసును గోడకు ఆనించి వదిలేశాను. వారం తరువాత కింది పొర ఆరింది. అప్పుడు గట్టి పంది వెంట్రుకల కుంచెకు కొద్దిగా తెలుపు అద్ది, దాన్ని గుడ్డ మీద తుడిచి, దాదాపు పొడిగా ఉన్న కుంచెను పక్కకు వాల్చి చాళ్ల మీదుగా లాగాను. తెలుపు అంతటా అంటుకోలేదు. కింది పొరలో రంగు ఎక్కడ గట్టులా పైకి లేచి ఉందో అక్కడ మాత్రమే పట్టుకుంది, పల్లాల్లో గోధుమ రంగు అలాగే ఉండిపోయింది.

ఒక్కసారిగా అది మంచు అయింది. ఎందుకో కాసేపటికి అర్థమైంది. నిజమైన మంచు కూడా దున్నిన చేలో మట్టిగడ్డల పై అంచుల మీదే ముందుగా, తెల్లగా పేరుకుంటుంది. కుంచె రంగు గట్ల మీద చేసిన పని, రాత్రి చలి మట్టిగడ్డల మీద చేసిన పని ఒకటే. అసలు చిత్రంలోనూ నేల గరుకుగా, పొరల మీద పొరలుగా ఉంటుంది. పిస్సారో సరిగ్గా నాలాగే చేశాడని నేను అనను. కానీ ఆ గరుకుతనం నున్నగా వేయడం చేతకాక వచ్చింది కాదని నకలు చేసిన నా చేయి సాక్ష్యం చెబుతుంది.

మీరు నకలు చేయనక్కరలేదు. కానీ రాసేటప్పుడు రంగును ఒక పదార్థంలా చూడండి. పలుచగా పారిందా, ముద్దగా నిలిచిందా, పొడిగా రాసుకుపోయిందా, కింది రంగు తొంగి చూస్తోందా, రెండు రంగులు పచ్చిగా ఉండగానే కలిసిపోయాయా? ‘చిన్న చిన్న కుంచె గీతలు’ అన్నది ఇంప్రెషనిస్టులు అందరికీ అతికించే చీటీ. దాని వల్ల ఈ చిత్రం గురించి ఏమీ తెలియదు. ఇందులోనే చాళ్లు పోయే దిక్కున లాగిన గీతలు వేరు, ఆకాశంలో రంగును మెత్తగా పరచిన తీరు వేరు. గీత ఎంత చిన్నదో కాదు, ఎటు పోతోందో, ఎంత బరువుగా ఉందో రాయండి.

ఇక నీడలు. ఈ చిత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. మీ వ్యాసంలో వాటి ఊసే లేకపోవడం బాధ కలిగించింది. చేల మీద, చాళ్లకు అడ్డంగా, పొడవైన నీడలు వరుసగా పడి ఉన్నాయి. అవి చెట్ల నీడలు. ఆ చెట్లు చిత్రంలో లేవు! చట్రం బయట ఎక్కడో ఉన్నాయి. లెర్వా అంతటి వెక్కిరింత లేని, ఈ బృందం పట్ల మంచి మాటలు చెప్పిన కాస్తాన్యారీ అనే విమర్శకుడు కూడా దీన్ని తప్పుపట్టాడు. చట్రం బయటి చెట్ల నీడలను చేను మీద వేయడం పెద్ద పొరపాటని ఆయన అభిప్రాయం. నీడను చూసినవాడికి చెట్టు కనిపించాలి అన్నది అప్పటి లెక్క.

ఆ నీడలు ఏం చేస్తున్నాయో చూడండి. అవి పొడవుగా ఉన్నాయి కాబట్టి పొద్దు ఇంకా కిందనే ఉంది, వేడి ఎక్కలేదు. చాళ్లు ఏటవాలుగా ఒక వైపు పోతుంటే నీడలు వాటిని అడ్డంగా కోస్తున్నాయి. కన్ను హాయిగా బాట వెంట పోలేదు, అడుగడుగునా ఒక గీత తగులుతుంది. బరువు మోసే మనిషి నడక కూడా అలాంటిదే. నేను ఈ చిత్రాన్ని ప్రశాంతమనలేకపోవడానికి అసలు కారణం ఇది. ఇంకోటి, మనకు కనిపించని వరుస చెట్లు మన పక్కనో వెనకనో నిలబడి ఉన్నాయన్న స్పృహ కలుగుతుంది. చూసేవాడు కూడా ఆ చలిలోకి వెళ్లి నిలబడతాడు.

నీడల రంగును కూడా చూడండి. అవి నల్లగా లేవు, చల్లని నీలం కలిసి ఉన్నాయి. ఇందులో కవిత్వం కన్నా ప్రకృతి శాస్త్రమే ఎక్కువ. ఆకాశం తేటగా ఉన్న రోజున ఎండ తగలని చోటును వెలిగించేది ఆకాశపు నీలి కాంతే. తెల్లని నేల మీద అది మరీ స్పష్టంగా తెలుస్తుంది. అదే బృందంలోని క్లోద్ మోనే 1868-69 చలికాలంలో వేసిన ‘లా పీ’ (మాగ్‌పై అనే పక్షి) అనే మంచు చిత్రంలో కంచె నీడ ఇలాగే నీలంగా పడుతుంది. 1869లో పారిస్ సలోన్ అనే అధికారిక చిత్ర ప్రదర్శన వారు ఆ చిత్రాన్ని తిరస్కరించారు. ఇప్పుడు అది కూడా ఓర్సేలోనే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి, మీ అభ్యాసానికి చాలా పనికొస్తుంది. మోనే మంచు దళసరిగా, మెత్తగా పరచుకుని ఉంటుంది. మనిషి లేడు, తడిక మీద ఒక నల్లని పక్షి మాత్రం వాలి ఉంటుంది. అక్కడ ‘ప్రశాంతత’ అంటే నేను అడ్డు చెప్పను. చలి రెండింటిలోనూ ఉంది. మోనేది ఊపిరి బిగబట్టి చూసే చలి, పిస్సారోది పనికి పోక తప్పని చలి. ఈ తేడా వస్తువు వల్ల కొంత వచ్చింది, రంగు పరచిన తీరు వల్ల ఎక్కువగా వచ్చింది.

ఒక మెట్టు పైకి వెళ్లాలంటే వెలుతురు తూకాన్ని కూడా చూడడం నేర్చుకోండి. దీనికి మోనే 1872 తేదీతో సంతకం చేసిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ కన్నా మంచి పాఠం లేదు. ఈ బృందానికి ‘ఇంప్రెషనిస్టులు’ అన్న పేరు రావడానికి కారణమైన చిత్రం అదే. ల ఆవ్ర్ రేవులో పొగమంచు, నీళ్లపై చిన్న పడవలు, నారింజ రంగు సూర్యబింబం. ఆ బింబం కొట్టుకుంటున్నట్టు, కదులుతున్నట్టు ఉంటుందని అందరూ రాస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. ఆ చిత్రం ఫోటోను మీ ఫోనులో నలుపు తెలుపులోకి మార్చి చూడండి. సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! రంగులో అంత భిన్నంగా ఉన్నా, వెలుతురులో బింబమూ చుట్టూ ఉన్న ఆకాశమూ ఇంచుమించు సమానం. హార్వర్డ్‌లో దృష్టి మీద పరిశోధన చేసిన మార్గరెట్ లివింగ్‌స్టన్ ఈ సంగతిని వివరించారు. మన మెదడులో రంగును గుర్తించే భాగం, వెలుతురు తేడాల ద్వారా వస్తువు ఎక్కడుందో పోల్చుకునే భాగం వేరువేరు. ఒక భాగానికి సూర్యుడు కనిపిస్తాడు, రెండో భాగానికి కనిపించడు. అందుకే అతను ఒక చోట నిలబడినట్టు ఉండడు. ‘సూర్యుడు మిణుకుమంటున్నాడు’ అన్నది భావం. ‘చుట్టూ ఉన్న బూడిద రంగుతో వెలుతురులో సమానంగా, రంగులో మాత్రం వ్యతిరేకంగా ఉంచడం వల్ల మిణుకుమంటున్నాడు’ అంటే భావమూ పనితనమూ ఒకే వాక్యంలో వచ్చేశాయి. మీ అధ్యాపకురాలు అడుగుతున్నది ఇదే.

వస్తువును చూసి భావాన్ని ఊహించకండి. ఈ పొరపాటు గురించి నా విద్యార్థి ఒకరి సంగతి చెప్పాలి. గోదావరి లంక గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి. ఆల్‌ఫ్రెడ్ సిస్లీ 1876లో పోర్ మార్లీ అనే ఊరిలో సెన్ నది వరదను చూసి వేసిన చిత్రం ఇచ్చి రాయమన్నాను. ఆమె రెండు పేజీల నిండా భయం, నష్టం, విషాదం అని రాసింది. చిన్నప్పటి నుంచి వరదలు చూసిన పిల్ల, ఆమె రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ అది వరద గురించి, చిత్రం గురించి కాదు. మళ్లీ చూడమన్నాను. చిత్రంలో నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఆకాశం విశాలంగా, తెల్లని మబ్బులతో ఉంది, నీళ్లలో ఆ వెలుగు పడుతోంది. నీట మునిగిన దుకాణం గోడలు నిటారుగా నిలబడి ఉన్నాయి, పడవల్లో మనుషులు ఉన్నారు. నీళ్లను సిస్లీ అడ్డంగా, పొట్టి గీతలతో, తొందర లేకుండా వేశాడు.

ఆమె చాలాసేపు చూసి, ‘సార్, ఇది నీళ్లు వచ్చిన రోజు కాదు, ఆ మర్నాడు’ అంది. మర్నాడు ఉదయం వాన వెలిసి, నీళ్లు కదలకుండా నిలిచి, ఊరంతా అద్దంలా మెరుస్తుందట. అప్పుడు అందంగా ఉంటుందని చెప్పుకోవడానికి మనసొప్పదట. నేను ఆ చిత్రం గురించి అంత గొప్ప మాట ఇంకెక్కడా వినలేదు. ఆమె అనుభవం అడ్డు రాలేదు, చిత్రాన్ని చూసిన తరువాత దానికి సరైన చోటు దొరికింది. మీ అనుభవాన్ని కూడా దాచుకోకండి, ముందు కాన్వాసును మాట్లాడనివ్వండి.

ఇక మీ వ్యాసంలో దొర్లిన కొన్ని వాక్యాలను సరిచేయాలి. పాఠ్యపుస్తకాల నుంచి వచ్చినవే గానీ మీరు రాసిన తీరులో నిలబడవు.

‘రంగులను ప్యాలెట్ మీద కలపకుండా చుక్కలుగా పెడితే కంటిలో కలుస్తాయి’ అన్నారు. ఒక సిద్ధాంతంగా దాన్ని పట్టుకుని చుక్కలతో వేసినవాడు జార్జ్ సేరా, అది 1880ల సంగతి. పిస్సారో కూడా 1880ల నడుమ కొన్నేళ్లు ఆ దారి పట్టి తరువాత వదిలేశాడు. 1873 నాటి చిత్రానికి దాన్ని అంటగట్టకండి. వీరు ప్యాలెట్ మీద రంగులు బాగానే కలిపేవారు. కలిపిన తరువాత కాన్వాసు మీద నున్నగా రుద్ది ఏకం చేయకుండా విడివిడిగా వదిలేవారు.

‘ఇంప్రెషనిస్టులు నలుపు వాడరు’ అన్నది కూడా అంతే. 1874 ప్రదర్శనలోనే రెన్వా వేసిన ‘లా లోజ్’ (నాటకశాలలో ప్రేక్షకుల గది) ఉంది, అందులో నలుపు నిండుగా ఉంటుంది. ‘ఈ చిత్రంలో నీడలకు నలుపు బదులు నీలం వచ్చింది’ అనండి, సరిపోతుంది.

‘అక్కడికక్కడే ఆరుబయట ఒక్క పూటలో ముగించారు’ అన్నది సగం నిజం. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు లోహపు రంగు గొట్టానికి పేటెంటు పొందాక తైలవర్ణాలను బయటికి మోసుకెళ్లడం సులువైంది. బయట వేశారనడానికి కొన్నిసార్లు రంగులోనే రుజువు దొరుకుతుంది. మోనే 1870లో త్రూవిల్ సముద్రతీరాన వేసిన ఒక చిత్రంలో రంగుకు అంటుకున్న ఇసుక రేణువులు ఈనాటికీ ఉన్నాయి. అది లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ఇదే మోనే రువాన్ చర్చి ముఖద్వారాన్ని 1892లో, 1893లో ఆ ఊరికి వెళ్లి అనేకసార్లు వేసి, ఇంటికి తెచ్చుకుని స్టూడియోలో సరిదిద్ది 1894 తేదీ వేశాడు. కాబట్టి ‘త్వరత్వరగా వేసినట్టు కనిపిస్తుంది’ అని రాయండి, ‘త్వరగా వేశాడు’ అని రాయకండి. ఆరిన పొర మీద ఇంకో పొర ఉందంటే మధ్యలో రోజులు గడిచాయనే అర్థం. నా నకలు కథ గుర్తుంది కదా.

మీ వ్యాసంలోంచి ఒక వాక్యం తీసుకుని తిరిగి రాసి చూపిస్తాను. మీరు రాసింది ఇది: ‘చలికాలపు ఉదయాన్ని పిస్సారో ఎంతో మనోహరంగా, సహజంగా చిత్రించాడు. మంచు కురిసిన పొలం చూడముచ్చటగా ఉంది.’

నేనైతే ఇలా రాస్తాను: ‘చిత్రంలో ఎక్కువ భాగం నేలే, ఆకాశానికి పైన కొద్ది చోటు మాత్రం మిగిలింది. ఆ నేల మీద తెలుపు అంతటా పరచుకోలేదు, పొడిగా, గరుకుగా చాళ్ల అంచులను పట్టుకుని ఉంది, దాని సందుల్లోంచి మట్టి రంగు కనిపిస్తోంది. అందువల్ల మంచు పైన కప్పిన దుప్పటిలా కాక నేలలోంచే పుట్టినట్టుంది. చాళ్లను అడ్డంగా కోసే నీలి నీడలు బాటను ముక్కలు చేస్తున్నాయి. మోపు మోస్తున్న మనిషి రంగులు నేల రంగులకు దగ్గరగా ఉండడంతో మొదటి చూపులో అతను కనిపించడు, కనిపించాక అతని బరువు మొత్తం చేను మీద పడుతుంది.’

ఇందులో ‘మనోహరం’, ‘చూడముచ్చట’ లేవు. ‘చల్లగా’ అన్న మాట కూడా లేదు. అయినా చలి ఉంది అనుకుంటాను. ఇదే సరైన పాఠం అని కాదు. మీరు చూస్తే ఇంకేదో కనబడుతుంది, కనబడాలి.

మీరు ‘మంచు కురిసిన పొలం’ అన్నారు, అది కురిసిన మంచు కాదు. తెలుగులో మంచు అంటే పొగమంచు కావచ్చు, గడ్డి మీది మంచు బిందువు కావచ్చు, హిమపాతం కావచ్చు, అన్నిటికీ ఒకటే మాట. ఈ చిత్రంలోది రాత్రి గాలిలోని తేమ నేలను తాకి, గడ్డకట్టి తెల్లగా పేరుకున్నది. మన్యంలో లంబసింగి వంటి చోట్ల ఎప్పుడైనా తప్ప మనకు అది అలవాటు లేదు. కాబట్టి ఒక్క వాక్యంలో విడమరిచి చెప్పండి. పలుచని పొర అని తెలిస్తేనే దాన్ని పలుచగా, పొడిగా ఎందుకు వేశాడో చదివేవారికి అందుతుంది. రంగుల పేర్ల దగ్గర కూడా తెలుగు మీకు సాయపడుతుంది. ‘లేత గోధుమ’ అనడం కన్నా ‘ఎండిన వరిగడ్డి రంగు’ అంటే తేలికగా తడుతుంది. కాకపోతే మన పోలిక ఫ్రాన్సు చేనును గోదావరి చేనుగా మార్చేయకూడదు. రంగుకు పోలిక తెచ్చుకోండి, ఊరికి కాదు.

ఒక జాగ్రత్త. మీరు చూస్తున్నది ఫోటో. ఒక్కో ఫోటోలో ఈ చిత్రం ఒక్కో రంగులో ఉంటుంది, కొన్నిటిలో పసుపు తిరిగి, కొన్నిటిలో నీలం తిరిగి. నేను పారిస్‌లో అసలు చిత్రం ముందు నిలబడిన రోజున, ఏళ్ల తరబడి నా బల్ల మీద ఉన్న అచ్చు ప్రతి ఎంత తప్పో తెలిసి కాసేపు మాట రాలేదు. నేల గరుకుతనం పక్క నుంచి వెలుగు పడినప్పుడు తెలిసినంతగా ఏ ఫోటోలోనూ తెలియదు. కనీసం రెండు మూడు ఫోటోలు పోల్చి చూడండి. అన్నిటిలోనూ నిలబడే సంగతులే రాయండి. నీడల దిక్కు, నేలకూ ఆకాశానికీ మధ్య కొలత, గీతల నడక ఫోటో మారినా మారవు. ఫలానా నీలం ఎంత ముదురు అన్నది మారుతుంది.

చివరిది, పేరు. మొదటిసారి వచ్చినప్పుడు ఫ్రెంచి పేరును తెలుగు లిపిలో ‘జెలే బ్లాంష్’ అని రాసి, వెంటనే ‘తెల్ల మంచు’ అని అర్థం ఇవ్వండి. పక్కన 1873 అని, ఓర్సే మ్యూజియం అని, కొలతలు కూడా వేయండి. ఆ తరువాత వ్యాసమంతా తెలుగు పేరుతోనే నడపవచ్చు. తిరగరాసిన పేరా ఇక్కడ పెడితే తప్పకుండా చదువుతాను. ఆ నీడల గురించి మీరేమంటారో తెలుసుకోవాలని ఉంది.